ముప్పై ఒకటో మిషన్

మే నెల ఆఖరుకి
రాయదుర్గంలో నా అంగడి వాకిలి మూసుకుపోతుంది,
తలుపులతో కాదు, మిషన్లతో.

ఎనిమిది అడుగుల గది. ముప్పై మిషన్లు.
ఒగదాన్ని ఒగటి ఒరుసుకుంటా,
సంతకు పోయే టెంపోలో గొర్రెల మాదిరి.
ప్రతిదాని నెత్తిన సుద్దముక్కతో ఒక అంకె,
అంకె కింద నేను చెప్పిన అబద్ధం:
"మంగళవారం."
ఏ మంగళవారమని ఎవరూ రాయించుకోలే,
అదే నా అదృష్టం.

జీన్స్ యూనిట్లోళ్ళకు బళ్ళారి లారీ తొందర.
యూనిఫారాలు కుట్టేటోళ్ళకు బడి గంట తొందర.
ఓవర్‌లాక్ మిషన్ తెచ్చిన చాంద్‌బాషాకు
ఏ తొందరా లేదు. ఊరికే స్టూలు మీద కూర్చుని
నా చెయ్యి ఎంత నిదానమో
వచ్చినోళ్ళందరికీ చెప్తాంటాడు.

షటిల్ ఊడదీస్తే లోపలంతా నీలం దూది.
ఈ ఊరోళ్ళ ఊపిరితిత్తులు ఇట్లే ఉంటాయేమో.
ఊదితే వచ్చి నా మీసాల మీద వాలుతుంది,
సాయంత్రానికి నా తుమ్ము కూడా నీలమే.

పనిని గెలిచే ఉపాయం
మా గురువు హొన్నూరప్ప ఎప్పుడో చెప్పినాడు:
"సులువువి ముందు చెయ్‌రా.
అంగడి కొంచెం ఖాళీ అయితే
గుండె కొంచెం ఖాళీ అవుతుంది."
అట్లే చేసినా.
సులువువి అన్నీ ఇండ్లకు పోయి
మొండివి ముప్పై మిగిలినాయి.

అప్పుడొచ్చింది సుంకమ్మ,
తోపుడుబండి మీద ముప్పై ఒకటోదాన్ని తోసుకుంటా.
కాళ్ళ మిషన్. ఈ నెలలో మూడోసారి.
"దారం తెగుతానే ఉందన్నా.
నీ కాడ మంచి పిల్ల,
ఇంటికొస్తే మంకు పిల్ల."

తొక్కి చూసినా.
శెనక్కాయలు వలిచినట్టు
టకటకా పలికింది.
సూది అడగలే, నూనె అడగలే.
ఆయమ్మ నా మొగం చూసింది.
నాకు అబద్ధం కూడా దొరకలే.

ముప్పై మిషన్లకు వీపు తిప్పి
తోపుడుబండి వెనక నడిచినా.
చాంద్‌బాషా ఎవరికో చెప్తాండాడు,
"పని ఎక్కువైతే మనిషికి ఇట్లే అవుతుంది" అని.

కొండ కింద ఒంటి గది. నేలంతా బండలు.
కిటికీ కాడి బండ ఒగటి కుంగి
మిషన్ మూడు కాళ్ళ మీదే నిలబడింది.
నాలుగోది గాలిలో.
తొక్కినప్పుడల్లా ఉలిక్కిపడి
దారం తెంపుకుంటాంది.

"ఇంకో పక్కకు జరపొచ్చు గదా?"
"ఈడ తప్ప వెలుతురు యాడుందన్నా?"

జోబులో నూనె తుడిచే జీన్స్ పేలిక.
నాలుగు మడతలు పెట్టి కాలి కింద దోపినా.
తొక్కింది.
ఒక లంగా అంచు మొత్తం, మలుపు దగ్గర కూడా,
దారం తెగలే.
ఆయమ్మ నవ్వలే.
"రెండుసార్లు తీసుకున్న నూర్రూపాయలూ?" అనింది.
చేతిలో పెట్టినాక నవ్వింది.

మజ్జిగ తాగి అంగడికొచ్చేసరికి మూడు దాటింది.
కరెంటు లేదు.
వాకిట్లో ఇంకో రెండు మిషన్లు దిగినాయి.
సుద్దముక్క అరిగి గోరంత ఉంది.

"ఎప్పుడిస్తావు?" అన్నాడు దించినాయన
బండి మీంచి దిగకుండానే.
"మీ ఇంట్లో నేల ఎట్లుంటుంది?" అన్నా.
ఆయన నన్ను ఎగాదిగా చూసి
చాంద్‌బాషా దిక్కు తిరిగినాడు.
చాంద్‌బాషా నెత్తి కాడ
వేలు గిర్రున తిప్పి చూపించినాడు.

"మంగళవారం," అన్నా.
ఆయన నిమ్మళంగా పోయినాడు.