వేలు అడ్డమొచ్చింది

పంతొమ్మిదేళ్ళుగా నేను చెప్పిన పాఠం ఒక్కటే:
ముందు చెయ్యి పట్టుకోండి,
జబ్బు పేరు తర్వాత అడగొచ్చు.

ఈ ఏడు సిలబస్‌కి ఒక కొత్త కాగితం అతికించారు.
చెయ్యి అందని చోట నర్సు ఏం చెయ్యాలో
నన్నే చెప్పమన్నారు.

ఒంగోల్లో, కర్నూలు రోడ్డు వైపు మా కాలేజీ.
తిరిగినప్పుడల్లా కిర్రుమనే ఫ్యాను,
ఎమ్మెస్సీ రెండో ఏడు పిల్లలు పదకొండు మంది.
వార్డుల్లో మంచాల మధ్య చెప్పులరిగినవాళ్ళే,
ఫోను ముందు మాత్రం
పలక పట్టిన మొదటి రోజులా బిగుసుకుపోయారు.

షంషాద్‌ని మెట్ల కింద రోగిగా కూర్చోబెట్టా.
ఆయాసం బాగానే నటించింది.
హెప్సిబా పైనుంచి గబగబా పదిహేను ప్రశ్నలడిగింది.
ఆగమ్మా, అన్నా.
నీ మాట పోవడానికో క్షణం, ఆమె మాట రావడానికో క్షణం.
ఆ రెండు క్షణాలూ నోరు కట్టేసుకో.
అసలు సంగతి జారిపడేది ఆ సందులోనే.

కిటికీకి ఎదురుగా కూర్చోమను.
వెలుగు వీపు వెనకుంటే మనిషి నీడైపోతాడు,
నువ్వేమో నీడకి రక్తం లేదని రాసేస్తావు.
కాలి వాపు నువ్వు నొక్కలేవు,
కోడలి బొటనవేలు అరువడుగు.
ఎముక మీద నొక్కి వదలమను,
గుంట పూడేదాకా పైకి లెక్కపెట్టమను.
గుండెల్లో గుబగుబ అంటే పుస్తకం తిరగెయ్యకు,
మెట్లెక్కితేనా, పడుకుంటేనా,
అప్పులాయన వాకిట్లో కొచ్చినప్పుడా, అడుగు.

పోయిన మంగళవారం నిజం రోగి.
పామూరు అవతల ఊరు, మాలకొండయ్య,
అరవై మూడేళ్ళు, షుగరు, ఎడమ పాదాన పుండు.
ఫోను మనవరాలిది, ఆ పిల్ల బడికి పోయింది.

ఎట్టుండావు పెద్దాయనా?
బాగుండానమ్మా.
ఎవరైనా ముందు అదే అంటారు.

లైటేసి పాదం చూపించమంది హెప్సిబా.
ఫోను రేకుల కప్పు చూపించింది,
గేదె తోక చూపించింది,
నెరిసిన గడ్డం చూపించింది,
ఆపైన తెరంతా ఎర్రబడింది.
మంకెన పువ్వు ఎరుపు.

వేలు అడ్డమొచ్చింది తాతా, అని పిల్లలు నవ్వారు.
హెప్సిబా నవ్వలేదు.
మేడమ్, కదులుతోంది, అంది.

చూశాం.
ఎరుపు కాస్త ముదురుతోంది, కాస్త విడుస్తోంది,
మళ్ళీ ముదురుతోంది.
నూరు కిలోమీటర్ల పైమాట దూరాన్నుంచి
తెలీకుండానే ఆయన చెయ్యందించాడు.

ఎవరో ఫ్యాను కట్టేశారు.
హెప్సిబా గడియారం లోపలివైపుకి తిప్పుకుని
పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది.
ముప్ఫై ఒకటి దగ్గర ఆగింది.
ఒకటి రాలేదు.
తర్వాతది వచ్చింది,
మేస్త్రి తిడతాడని పరిగెత్తుకొచ్చిన కూలీలా.

ఇది చార్టులో రాయకు, అన్నా.
వేలు జారిందో, సిగ్నలు తప్పిందో,
గుండే తప్పిందో మనకి తెలీదు.
తెలీదని ఒప్పుకోవడం కూడా ఈ పేపర్లో ఉంది,
ప్రశ్నగా ఎవరూ ఇవ్వరంతే.

ఇంకో ఫోన్లో ఆశా కార్యకర్త తిరుపాలమ్మ.
అక్కా, పోయి ఆయన మణికట్టు పట్టుకో.
నిమిషం నిండా లెక్కపెట్టు,
సగం లెక్కేసి రెండింతలు చెయ్యొద్దు.
అన్నం ముందర్నుంచి లేచినట్టుంది,
కంచం జరిపిన చప్పుడు,
ఆ వెనకే స్కూటీ చప్పుడు.

ఎర్రటి తెరలోంచి గొంతు:
అమ్మా, పాదం కనపడతా ఉండాదా?

కనపడలా పెద్దాయనా, అంది హెప్సిబా,
మా పాఠాల్లో లేని నెమ్మదితో.
ఇంకాసేపు అట్టాగే పట్టుకో.