యాల

మారతహళ్ళి, నాలుగో అంతస్తు.
చెవులకు నల్ల మూతలు తగిలించుకుని
రోజుకు మూడొందల గొంతులు వింటాను.
విన్నది విన్నట్టు కాదు,
జాబితాలో ఉన్నట్టు రాయాలి. జీతం దానికే.

టెక్కలి ఆవిడ, బస్సు ఆపని డ్రైవర్ మీద
"ఎందుకేటీ?" అని గొంతు చించుకుంటుంది.
తాడిపత్రి కుర్రాడు అప్పు అడిగినవాణ్ణి
"యాంటికి?" అంటాడు, మెల్లగా,
ఆ ఒక్క మాటతోనే లేదని చెప్పేసినట్టు.
జనగామ నుంచి ఎవరో "దేనికే?" అని నవ్వారు.
ఆ నవ్వు రాయడానికి గడి లేదు.

టీమ్ లీడ్ నిరుపమది తెనాలి.
"అన్నిటికీ ఒకటే కొట్టు," అంది. "ఎందుకు."
"ఎందుకు?" అన్నాను.
"ఆఁ, అదే," అంది, కాఫీ ఊదుకుంటూ.

రెండొందల పదిహేడో గొంతు.
బాగలూరు దగ్గర ఏదో పల్లె, ముసలాయన.
కాలిపోయిన మోటారు గురించి చెబుతూ చెబుతూ ఆగి
"యాల?" అన్నాడు.
ఆ తర్వాత పదకొండు సెకన్లు ఏమీ లేదు.
యంత్రం ఎర్రగీత గీసింది: అర్థంకాని శబ్దం.

నేను హలసూరు పిల్లను.
మా వీధిలో యాకె, పక్కింట్లో ఏన్,
గడప లోపల యాల.
కొళాయి దగ్గర బిందె జారితే యాల,
అప్పులాయన తలుపు కొడితే యాల.
మనవాళ్ళు ఈ ఊరికి ఎప్పుడొచ్చారే అంటే
"యాల, ఇప్పుడు పోవల్లనా?" అనేది అవ్వ.
తాత పోయిన రాత్రి
గోడకేసి చూస్తూ అన్నదీ అదే, ఒక్కసారే.

ఆదివారం తెలుగు క్లాసులో
బాపట్ల మాస్టారు పద్యం ఆపి చెప్పారు:
"ఏల అంటే ఎందుకు. రాజులనాటి మాట.
ఇప్పుడెవరూ అనరు."
ఆ పొద్దున్నే అవ్వ నన్నడిగింది,
"యాల తల దువ్వుకోలా?" అని.
చెయ్యెత్తబోయి, జుట్టు సర్దుకున్నాను.

ఇప్పుడు య, దీర్ఘం, ల.
నేనే కొట్టాను.
తెర మీద తెల్లటి గడి తెరుచుకుంది:
"మార్పు ఎందుకు? కారణం రాయండి."
"మా అవ్వ" అని రాసి, చెరిపి,
మళ్ళీ రాశాను. కింద క్యాబ్ హారన్ కొడుతోంది.

వెళ్ళేముందు ఇంకోసారి విన్నాను.
ముసలాయనకు అవతలివాళ్ళు జవాబివ్వలేదు.
చివర్లో కోడి ఒకటి ఏదో అంది.
దానికి మాత్రం జాబితాలో మాట ఉంది:
నేపథ్య శబ్దం.