ఈ పూట ఎక్కడ

పీకు దీవి దక్షిణపు కొండ మీద
ఒకప్పుడు తిమింగలాల కోసం కాపలా కాసిన గుడిసె.
అడ్డంగా ఒక్కటే సన్నటి కిటికీ, సముద్రమంత వెడల్పు.
వేటాడడానికి చూసిన చోటే ఇప్పుడు
నా కంప్యూటర్ కూర్చుని
నీళ్లలోకి దింపిన మైకుతో
రాత్రింబవళ్లు చెవి ఒగ్గుతుంది.
నేను వేరే దీవిలో, పొంతా దెల్గాడాలో,
మూడో అంతస్తు కిటికీ పక్కన,
అది విన్నది వినడానికి.

అక్కడ కరెంటు పోతుంది. గాలి అలాంటిది.
వచ్చాక మోడెం ఒళ్లు విరుచుకుని లేచి
కంపెనీవాడి ముందు చేయి చాస్తుంది.
వాడు చేతికందిన అంకె పడేస్తాడు.
నిన్నటి చిరునామా నిన్నటి ఎంగిలి విస్తరి.

మొదటిసారి తెలియక పాత అంకెకే వెళ్లి తలుపు తట్టాను.
ఎవరూ పలక్కపోతే బాగుండేది.
పలికింది.
గడప నీకు తెలిసినదే, లోపలున్నది మాత్రం వేరెవరో,
వేలిముద్ర కలవడం లేదు అంది తెర.
ఏ రొట్టెల కొట్టు యంత్రమో పాపం,
దాని లెక్కలు అది చూసుకుంటోంది.
కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను,
ఎవరింట్లోనో చెప్పులతో అడుగుపెట్టినట్టు.

ఆ తర్వాత బెల్మీరు ఫోను చేసేవాడు.
డెబ్బై తొమ్మిదేళ్లు. కుర్రతనంలో ఆ గుడిసె కాపలావాడు.
గాలి తగ్గగానే కొండెక్కి
కళ్లజోడు నుదుటికి తోసి
అంకెలు చదివేవాడు.
చుక్కని చుక్క అనేవాడు కాదు.
"రెండు వందల మూడు, ఊపిరి, సున్నా, ఊపిరి,
నూట పదమూడు, ఊపిరి..."
ఊపిరేమిటని అడిగాను.
"పైకొచ్చి ఊపిరి వదిలిన చోటే మనకి తెలిసేది.
మునిగాక అది దాని ఇష్టం.
మళ్లీ అక్కడే లేస్తుందని కూర్చున్నవాడు
పడవవాళ్ల చేత తిట్లు తింటాడు, లియొనీల్దా.
చివరిది డెబ్బై ఆరు. రాసుకున్నావా?"

జనవరిలో ఆ దారిలోనే జారి మోకాలు చీరుకుపోయింది.
అతను చెప్పలేదు, చెల్లెలు చెప్పింది.
ఆ రాత్రే పదకొండు వరసల ప్రోగ్రాం రాశాను.
అయిదు నిమిషాలకోసారి యంత్రం తనే బయటికి తొంగిచూసి
నేనెక్కడున్నానని అడిగి తెలుసుకుంటుంది.
జవాబు మారితే
ఒక పేరు పక్కన కొత్త అంకె రాసి వస్తుంది.
పేరు విజియా. వాళ్ల మాటలో కాపలావాడు.
ఇక అంకెతో పని లేదు, పేరు పెట్టి పిలిస్తే చాలు.

చాలు అన్నానే గానీ,
దారిలో చెప్పేవాళ్లు పాత అంకెని
జేబులో వేసుకు తిరుగుతారు.
గడువు తీరేదాకా వాళ్లకదే నిజం.
ఆ గడువుని నిమిషానికి కుదించాను.
అయిదూ ఒకటీ ఆరు.
ఆరు నిమిషాలపాటు అది ఎక్కడా లేదు.
బెల్మీరు నవ్వాడు. తిమింగలం మునిగితే
వాళ్లు ముప్పావు గంట రెప్ప వేయకుండా ఉండేవారట.
కనబడగానే గుడిసెలోంచి తారాజువ్వ,
ఊరంతా చేతిలో ముద్ద వదిలేసి పడవల దగ్గరికి.
నా ప్రోగ్రాం వదిలే తారాజువ్వకి
కుక్క కూడా తలెత్తదు.

నిన్న మళ్లీ గాలి. మళ్లీ చీకటి.
టీ కాచుకుని వచ్చి పేరుతో పిలిచాను.
పలికింది. వేలిముద్ర కలిసింది.
లోపల ఎవరో తలుపు గొళ్లెం ఆడిస్తున్నట్టు
టిక్కు టిక్కు టిక్కు,
లోతులో ఎక్కడో ఒక మంద.

ఫోను మోగింది. బెల్మీరు, ఇంటినుంచే.
"ఈ పూట ఎక్కడ?"
నీకెందుకు ఇంక అనబోయి
చదివాను.
రెండు వందల మూడు, ఊపిరి, సున్నా, ఊపిరి,
నూట పదమూడు, ఊపిరి, నూట తొంభై.
అవతల కాగితం మీద పెన్సిలు నడిచింది,
పేజీ వెనక్కి తిరిగింది, ముందుకి తిరిగింది.
"నిన్న డెబ్బై ఆరు," అన్నాడు.
కాసేపాగి,
"పడమటికి పోతోంది."