మార్చి తర్వాత మొదటి శనివారం

ప్రొజెక్టరు వెళ్ళిపోయింది.
అట్టపెట్టెలో నేనే సర్దాను,
లాప్‌టాపు, కొలత టేపులు, నీటి పరీక్ష సీసాలు.
రసీదు మీద సంతకం నాదే.
నా జీతం కూడా అదే పెట్టెలో పోయినట్టుంది.

మూడేళ్ళు మినిట్స్ రాశాను.
"సభ్యులందరూ ఏకాభిప్రాయానికి వచ్చారు" అని
ముప్పై నాలుగు సార్లు.
ఒక్కసారీ రాలేదు.

ఈ శనివారం ఎవరూ ఎవర్నీ పిలవలేదు.
ఫోను రీచార్జి ఏ పద్దులో రాయాలో తెలియక
నేనూ ఊరుకున్నాను.
కాళ్ళే లాక్కొచ్చాయి.
హొసకోట బస్సు దిగి, టవర్ల వెనక సందులోంచి,
ఎండిన నురగ అంటిన కంచె పట్టుకుని
కల్లుబావి చెరువు కట్టమీదికి.
ఈ ఊరికి బెంగళూరు వచ్చి ఆరేళ్ళు.
చెరువు అంతకుముందునించీ ఇక్కడే ఉంది.

కుర్చీలు లేవు.
ఏడు లోగోల ఫ్లెక్సీ
అక్కాయమ్మ గడ్డిమోపు కింద పరుచుకుని ఉంది,
ఏదో దేశపు జెండా మీద
ఆవు కోసం కోసిన పచ్చగడ్డి.

సిమ్ము బిల్లు కట్టక
బోర్డు మీద ఎర్రంకెలు
నాలుగు పాయింటు రెండు దగ్గర ఆగిపోయాయి.
పోయిన నెల చెరువుకి ఎంత ఊపిరుందో
ఈ నెలా అంతేనట.
నీరుగంటి పిల్లప్ప దానివైపు చూడడు.
దోసిట్లో నీళ్ళు తీసి వాసన చూసి
"రేత్రి ఎవురో ట్యాంకరు ఒంపినారు" అన్నాడు.

అంతే, మొదలైంది.

తూము ఎత్తితే నా చేపపిల్లలేం కావాలని
వల విదిలించి లేచాడు దస్తగీరు.
"ఎత్తకుంటే అంచున గడ్డంతా కుళ్ళిపోతాది,
నువ్వొచ్చి మేస్తావా?" అక్కాయమ్మ.
తూము కింద ముప్పై గుంటలు మిగిలిన మునికృష్ణప్ప
కొత్తిమీర మళ్ళకి నీళ్ళడిగాడు,
అడగడం కాదు, పాత బాకీ గుర్తుచేయడం.
పదకొండో అంతస్తు వైజయంతి గారు
నడక బూట్లతోనే వచ్చి
దోమల సంగతి చెప్పి,
మా మురుగు శుద్ధయ్యాకే వస్తుందన్నారు.
"అయితే మీరే తాగండి."
ఎవరన్నారో నేను రాసుకోలేదు.

తెలుగులో పుట్టిన మాట
కన్నడంలో మలుపు తిరిగి, ఉర్దూలో గట్టెక్కి,
తమిళంలో మునిగింది.

బిస్కెట్ల కోసం వస్తారనుకునేవాళ్ళం మేం.
చివరి రిపోర్టులో కొనసాగింపు వ్యూహానికి
పంతొమ్మిది పేజీలిచ్చాం.
తగువు అన్న మాట అందులో లేదు.
మనిషిని కట్టమీదికి రప్పించేది
తెగకుండా మిగిలిన తగువేనని
రాస్తే పై ఆఫీసు ఒప్పుకునేదీ కాదు.

తూము తాళంచెవి ఇంజనీరు దగ్గరుండేది.
ఆయనకి బదిలీ అయింది. చెవికీ అయిందేమో.
పిల్లప్ప మొలతాట్లోంచి ఇంకోటి తీశాడు.
"మా తాతది. తాళం మార్చినారు కదా మీరు,
ఇది పట్టదు."
పట్టని ఆ చెవిని అందరూ
చేతులు మార్చుకుంటూ చూశారు.
మీరు, అన్న చోట నేను తలొంచుకున్నాను.

కొత్త తాళం నూట తొంభై.
వైజయంతి గారు వంద తీశారు.
దస్తగీరు యాభై, "రసీదు కావాల."
అక్కాయమ్మ కొంగుముడి విప్పి ఇరవై.
మునికృష్ణప్ప జేబు తడిమి నీటికోళ్ళని చూశాడు.
మిగతా ఇరవై ఎవరూ ఇవ్వలేదు.
నా బస్సు డబ్బుల్లో ఉన్నాయి.

తాళం ఎవరు కొనాలి, చెవులెవరి దగ్గరుండాలి,
మళ్ళీ గొడవ.
పిల్లప్ప తూము మెట్టు మీద కూర్చుని
చెప్పు దులుపుకున్నాడు.

రిజిస్టరులో ఇంకా తెల్ల పేజీలున్నాయి.
అలవాటుగా చేయి "ఏకా" దాకా రాసేసింది.
కొట్టేసి రాశాను:

తాళం ఒకటి.
చెవులు మూడు.
నాలుగో మనిషి కోపంగా ఉన్నాడు.
వచ్చే శనివారం వస్తానన్నాడు.