అమ్మమ్మ ఊరి లెక్క

బాకీ కట్టలేదని ఆ ఓడని నలభై రోజులు
ఔటర్ హార్బర్లో కట్టేశారు.
అందులోంచి దిగాడు గెతిన్,
రెండో ఇంజనీరు, వేల్స్ దేశం,
చంకలో కోడిగుడ్డులా కోలగా ఒక బంతి.

నేను పోర్టులో క్రేన్ మనిషిని.
ఒకప్పుడు కబడ్డీకి కూత పెట్టినవాణ్ణి,
ఇప్పుడు వాన కబురు ముందు నా మోకాలికే తెలుస్తుంది.
పెదజాలరిపేట గుంటలు ఇసకలో
ఒకణ్ణొకడు పడేసుకుంటుంటే
గెతిన్ చాలాసేపు నిలబడి చూశాడు.
తర్వాత చెప్పులు విప్పాడు.

పదమూడు మంది.
ఐదుసార్లు పడి లేవొచ్చు,
ఆరోసారి పడితే బంతి వాళ్లది.
వేళ్లు చూపించాడు, అంతే పాఠం.

బంతి ముందుకి విసరకూడదంటే గుంటలు నవ్వారు.
ముందుకెళ్లే ఆటలో వెనక్కిసరడమేటి!
నాకే తట్టింది:
పెదవల లాగినప్పుడు మీ అయ్యలెటు నడుస్తారురా?
ఎనక్కి.
వలెటొస్తాది?
ఒడ్డుకి.
ఇంకెవరూ అడగలేదు.
తాడు పట్టినట్టే ఏటవాలుగా నిలబడ్డారు.

సాయంత్రాలు టీ కొట్టు దగ్గర
తన దేశం గురించి చెప్పేవాడు.
మన పాత విశాఖ జిల్లా అంత జనం కూడా ఉండరట.
బొగ్గు తవ్వి తవ్వి కొండలు డొల్లయ్యాయట.
జట్టులో కొందరు కుర్రాళ్లు
ఎక్కడో ఆస్ట్రేలియాలో పుట్టి
అమ్మమ్మ ఊరు చూపించి
ఎర్ర చొక్కా తొడుక్కుంటారట.
"మంచోళ్లే. ప్రాణం పెట్టి ఆడతారు.
జాతీయగీతం వచ్చేసరికి
పెదాలు ఊరికే కదుపుతారు.
మా లోయలో పన్నెండేళ్ల పిల్లాడు
ఆ పాట నిద్రలో పాడతాడు,
వాడికి బూట్లు కొనేవాడు లేడు."
అని, గ్లాసు తనే కడిగి ఇచ్చేశాడు.

బాకీ తీరింది. ఓడ పోయింది.
బంతి మిగిలింది. ఉప్పుకి కుట్లు వదిలితే
ఎల్లాజీ అమ్మ వల సూదితో కుట్టింది.

గరికిన ఎల్లాజీ.
అప్పటికి పద్నాలుగేళ్లు. పల్చని గుంటడు.
ముగ్గురు పట్టినా చేతుల్లోంచి
కవళ్లలా జారిపోయేవాడు.
పడవలు నీళ్లలోకి తోస్తేనే మాకు గ్రౌండు,
నా ఓవర్‌టైం డబ్బులతో గుడ్లు,
మిగతాది వాడే తెచ్చుకున్నాడు.

పోటీల్లో ఒడిశా వాళ్లు చూశారు.
హాస్టలు, పాలు, పచ్చగడ్డి మైదానం,
దేశం కుర్రాళ్ల జట్టుకి దారి.
ఫారంలో ఒక గడి: ఈ రాష్ట్రంతో సంబంధం?
ఎల్లాజీ తల గోక్కుని రాశాడు:
మా అమ్మమ్మది గోపాలపూర్.

నాకు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

ఇది గోపాలపూర్ చేపా, భీమిలి చేపా అని
వల అడుగుతుందా, అంది పేటంతా.
నేనూ అన్నాను.
సంతకం దగ్గర మాత్రం
పెన్ను ఇసకలో పడిందని
కాసేపు వెతికాను.

నిన్న ఫోన్లో చూశాం.
ఏదో దేశంలో, ఏదో వానలో
నీలం చొక్కాలో మావాడు.
జనగణమనకి పెదాలు కదిలాయి,
పాడాడో లేదో ఫోన్లో వినపడలేదు.
అరవై రెండు, నాలుగు. మనవి నాలుగు.
ఆ నాలుగుకీ ముందు
"ఒగ్గీ! ఒగ్గీ!" అని అరిచాడు.
పక్కనున్న మణిపూర్ కుర్రాడికి ఏం అర్థమైందో,
బంతి వదిలాడు.

ఈవేళ పొద్దున్న పన్నెండు మందే.
వాడి చెల్లి బంగారమ్మ
ఖాళీ గంప బోర్లించి వచ్చి నిలబడింది.
బంతి ముట్టుకోలేదు. ముందే అడిగింది:
నాను కూడా అమ్మమ్మూరు రాయాలేటి?

వద్దు, బూటు సైజు చెప్పమన్నాను.
తెలీదంది.
తడి ఇసకలో కాలు గట్టిగా ఆనించి తీసింది.
అల వచ్చేలోపు
జేన పెట్టి కొలిచాను.