లోతెంత?

ఆదివారం ఆరు కొట్టకముందే
కరకట్ట మీద కార్లు బారు తీరతాయి
మా రేవు అప్పటికింకా పళ్లు తోముకోదు

నేను లైఫ్ జాకెట్లు లెక్కపెడుతుంటాను
ముప్పై ఒకటి
ఒకదానికి క్లిప్పు ఊడిపోతే
దాన్ని దిష్టిబొమ్మకు తొడిగి గట్టున నిలబెట్టాను
కాకులు ఖాతరు చెయ్యవు
జనం మాత్రం దాని భుజాన చెయ్యేసి ఫొటోలు దిగుతారు

"చేతులెత్తండి సార్"
బ్యాంకు మేనేజరైనా
వన్‌టౌన్‌లో బంగారం కొట్టు సేటైనా
నా ముందు పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడాల్సిందే
పట్టీ బిగించేటప్పుడు
ఎవరెంత భయపడుతున్నారో నా వేళ్లకు తెలిసిపోతుంది
గొంతు పెద్దదిగా ఉన్నవాళ్లకే
గుండె గబగబా కొట్టుకుంటుంది

అందరూ అడిగేది ఒకటే
"లోతెంతమ్మా ఇక్కడ?"

మా ఆయన సైదులు పన్నెండడుగులంటాడు
బోర్డు మీద రాసిందీ అదే
మామ పేరయ్య మొక్కజొన్న పొత్తులు తిప్పుతూ
గెడల్లో చెబుతాడు
ఇక్కడ గెడన్నర, అక్కడ రెండు
ఆ మలుపులో గెడ అందదు, అటు పోమాకండి

నా కొలత వేరు

ఆ ఎర్ర బుడగ ఉంది చూడండి
కయాకులు దాన్ని దాటకూడదు
దాని కింద మా వంటిల్లు

పైన డ్యాములన్నీ ఒక్కసారే తలుపులు తీసిన ఏడు
మీరు ఈ ఒడ్డున పుట్టినరోజు కేకు కోస్తారే
అట్టా కోసింది కృష్ణ మా లంకని
ముక్క ముక్కగా, తొందరపడకుండా
మేం కట్ట మీద నిలబడి చూస్తూనే ఉన్నాం
మొదట దొండపందిరి వంగింది
తర్వాత గోడ
తర్వాత, అంతే, నీళ్లు

రోకలి తేలిపోయింది
యనమలకుదురు రేవులో ఎవరికో దొరికిందన్నారు
వెళ్లి చూశాను గానీ
నాదని ఎట్టా చెప్పను
రోకళ్లన్నీ ఒకేలా అరిగి ఉంటాయి

రోలు మాత్రం కదల్లేదు

మొన్న ఎండాకాలం గేట్ల మరమ్మతని
బ్యారేజీ నీళ్లు దించేశారు
ఇరవై రోజులు బేరం లేదు
కయాకులు బురదలో బోర్లా పడుకున్నాయి
చీర ఎగ్గట్టి మోకాటి లోతు ఒండ్రులో
బుడగ దాకా నడిచాను
తాడు చివర రాయి, రాయి పక్కన నా రోలు
నోటినిండా ఇసక
వేలు పెట్టి కెలికితే ఒక నత్త
విసుక్కుని లోపలికి పోయింది

సైదులు పలుగు తెచ్చాడు, ఇంటికి దొర్లిద్దామని
వద్దన్నాను
ఎందుకన్నాడు
ఏమో, నాకూ తెలీదు
ఇప్పుడు మిక్సీ ఉందిగా, అన్నాను

ఈ వారం గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక కుటుంబం
వాళ్ల పాపకు తొమ్మిదేళ్లు, పేరు వైదేహి
చిన్న సైజు జాకెట్టు కూడా మోకాళ్ల దాకా వచ్చింది
లోతెంతని తనూ అడిగింది
ఎందుకో నిజం చెప్పాను

"రోట్లో ఏముంది అప్పుడు?"
ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదది
తెల్లారి రుబ్బుదామని నానబోసిన మినప్పప్పు
పక్కనే గిన్నెలో ఉండింది
"అయితే చేపలు గారెలు తినుంటాయి"
అంది తీర్పు చెప్పినట్టు
పొత్తు కాలుతుంటే మామ పకపకా నవ్వాడు
పొయ్యి రవ్వలెగిశాయి

నాన్న ముందు, తను వెనక
తెడ్లు కొడుతూ బుడగ దాకా పోయారు
అక్కడ కయాకు ఆగింది
చాలాసేపు ఆగింది
పిల్ల నీళ్లలోకి వంగడం కనపడి
ఈల ఊదాను గట్టిగా

తిరిగొచ్చి, జాకెట్టు విప్పుతుంటే
నా చెవి దగ్గర రహస్యంగా చెప్పింది
"తెడ్డు నిలువునా పెట్టి చూశానాంటీ
తగల్లేదు"

తగల్లేదా?
మరైతే ఇంకో నూటయాభై ఇప్పించు మీ నాన్నతో
ఇంకోసారి వెళ్లిరా