మోకాటిలోతు

తెల్లారి నాలుగున్నరకి తిరపతి బస్టాండు కాడ
పదకొండు మందిని ఎక్కించుకుంటిని.
నిర్మల్ నుంచి వచ్చినోళ్లు,
గుండ్ల మీద గంధం ఇంకా ఆరలేదు.
"కొండ అయిపాయె, ఇగ నీళ్లు సూపెట్టు" అన్నాడు
ముందు సీట్లో పోశెట్టి సారు.
సముద్రం చూసినోళ్లు ఒక్కరూ లేరంట బండిలో.

నాకిచ్చిన కాగితంలో ఇట్లా అచ్చయి ఉంటుంది:
గుడి ఒకటి, దర్గా ఒకటి, దీవి ఒకటి,
పక్షులు, పగటి భోజనం,
సాయంత్రం ఆరుకి వాపసు.
నాలుగేండ్లుగా నేను నడిపేది ఆ కాగితాన్ని,
బండి దాని ఎనకాల వస్తా ఉంటుంది.

సూళ్లూరుపేటలో చెప్తాను:
చెంగాళమ్మ గుడికి తలుపులు వెయ్యరు,
రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది.
చెప్పి కొంచేపు ఆగుతాను,
నోరు తెరిచేదానికి జనాలకి టైము కావాల.
సారు వాళ్లమ్మ ముత్తవ్వ మాత్రం తెరవలా.
"మా ఇంటికి గూడ ముప్పయ్యేండ్లు తలుపు లేకుండె" అనేసి
కుంకం పెట్టుకోని వచ్చి కూర్చునింది.

భీములవారిపాలెం రేవులో
ఎండుచేపల గాలి, చెంగయ్య పడవ.
పక్షులేవయ్యా అంటే
"నిన్న ఉన్నెయ్" అన్నాడు.
ఆయన కాడ నిన్నకి ఎప్పుడూ కరువు లేదు.

దీవి ఇంకా సగం దూరం ఉండంగా
పడవ బురదలో కూర్చునింది.
గెడ ఒంగింది, పడవ కదల్లా.
యాడ చూసినా నీళ్లే, ఆకాశం అంచు దాకా.
ఒకామె తాళిబొట్టు పిడికిట్లో పట్టుకోని కండ్లు మూసుకునింది.
చెంగయ్య బీడీ పారేసి
ఇంటి మెట్టు దిగినట్టు దిగినాడు
పులికాట్ సరస్సులోకి.
మోకాటిలోతు.

ఆ నవ్వు ఎవరు మొదలుపెట్టినారో తెలీదు.
చీరలు దోపుకున్నారు, ప్యాంట్లు మడుచుకున్నారు,
చెప్పులు మెడలో తగిలించుకున్నోడొకడు.
కాలివేళ్ల సందుల్లో బూడిదరంగు బురద,
పిక్కల్ని తడిమిపోయే రొయ్యపిల్లలు.
పదిమందీ నేనూ నెడతా ఉంటే
ముత్తవ్వ ఒక్కతే పడవ నడుమ
తెప్పతిరునాళ్లలో అమ్మోరి మాదిరి, వక్క నములుతా.
ఎవరో గోవిందా అన్నారు.
ఈ నీళ్లల్లో ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు.

ఇరకం దీవిలో, ఇసకలో, ఒక చెలమ.
పదేండ్ల పిల్ల చెంబుతో ముంచి
బిందెలో పోస్తా ఉంది, బురద లేవకుండా, మెల్లంగా.
ముత్తవ్వ దోసిలి పట్టింది.
తాగి, మళ్లీ పట్టింది.
చుట్టూ అంత ఉప్పు పెట్టుకోని
ఇంత తీపి ఎవరు దాచినారో.
"గిదేం తీర్థం బిడ్డా?"
"తీర్థం కాదవ్వా, తాగే నీళ్లు."
బాటిల్లో పట్టుకుందామని వంగిన సారు
చెలమలో ఎంతుందో చూసి
మూత బిగించుకున్నాడు.

వేనాటి దర్గాకి పొద్దు చాల్లేదు.
దూరంగా పచ్చజెండా, అగ్గిపుల్లంత.
చెంగయ్య గెడ ఆపి తల వంచినాడు,
వలకి కట్టిన తాయెత్తు అక్కడిదంట.
ముత్తవ్వ కూడా చెయ్యి నొసటికి తీసుకునింది.
ఎవరికి అని అడగలా.

భోజనం చల్లారిపొయ్యింది. ఆరు ఎప్పుడో దాటింది.
ఎనిమిదికి దొరవారిసత్రం కాడ
టైరు చూసేదానికి దిగితిని.
చీకట్లో, నెత్తి మీద,
గరగరమని, గుంపు ఎనక గుంపు,
తెలుపో గులాబీయో ఏమీ కానరాకుండా
పోతానే ఉండాయి.

లోపల పదకొండు తలలు ఒకదాని మీద ఒకటి వాలి నిద్ర.
పక్షులు అని కాగితంలో ఉంది.
దుడ్లు కట్టినోళ్లు వాళ్లు, లేపాల్సిందే.
తలుపు పిడి మీద చెయ్యేసి
చప్పుడు అయిపొయ్యేదాకా
అట్లే నిలబడితిని.